ప్రాజెక్టు డైరీ: లింఫోమా బ్లాకుల్లో హెపటైటిస్ జాడ

జూన్, మొదటి వారం

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఇక పని మొదలుపెట్టవచ్చు. మా ల్యాబ్‌లో దాచి ఉంచిన డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా (యాంటీబాడీలు చేసే బీ కణాల్లో పుట్టే కాన్సర్; ఇక్కడినుంచి డీఎల్‌బీసీఎల్ అంటాను) పారఫిన్ బ్లాకుల (మైనంలో పొదిగి దాచిన గడ్డ ముక్కల) నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ఎంచుకున్న కొన్ని జన్యువుల వ్యక్తీకరణ ఎంతుందో కొలవాలి. రోగులు మూడు గుంపులు: హెపటైటిస్ బీ ఉన్నవాళ్లు, హెపటైటిస్ సీ ఉన్నవాళ్లు, రెండూ లేనివాళ్లు. గుంపుకీ గుంపుకీ తేడా ఉందా, ఉంటే అది వైరస్ పనేనా అన్నది ప్రశ్న.

కాలేయాన్ని పట్టే వైరస్‌కీ లింఫ్ గ్రంథుల కాన్సర్‌కీ ముడి ఎక్కడ పడిందని కొత్తగా చేరిన విద్యార్థులు అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇక్కడే రాసిపెడుతున్నాను.

హెపటైటిస్ సీ ఆర్‌ఎన్‌ఏ వైరస్. జన్యువంతా కలిపి దాదాపు 9,600 అక్షరాలు. అది మన డీఎన్‌ఏలోకి చొరబడదు. అయినా లింఫోమాకు దారితీస్తుంది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దాన్ని నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా కారకాల్లో చేర్చింది. డీఎన్‌ఏను ముట్టుకోకుండా ఎలా? ఈ వైరస్ పైపొరలో ఉండే ఈ2 అనే ప్రొటీన్ సీడీ81 అనే అణువును పట్టుకుంటుందని 1998లో తేలింది. సీడీ81 బీ కణాల మీద సీడీ19, సీడీ21ల పక్కనే ఉంటుంది. ఆ గుత్తిని కదిలిస్తే బీ కణం చిన్న సంకేతానికి కూడా స్పందించి విభజన మొదలుపెడుతుంది. ఏళ్ల తరబడి ఒంట్లో వైరస్ ఉంటే ఏళ్ల తరబడి ఆ ఒత్తిడీ ఉంటుంది. అన్ని విభజనల్లో ఎక్కడో ఒక కణం అదుపు తప్పుతుంది.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2002లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ప్లీహంలో పుట్టే ఒక రకం లింఫోమాతో పాటు హెపటైటిస్ సీ కూడా ఉన్న తొమ్మిది మందికి కీమో కాకుండా వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. రక్తంలో వైరస్ కనిపించకుండా పోయాక ఏడుగురిలో లింఫోమా పూర్తిగా తగ్గింది. అదే లింఫోమా ఉండి వైరస్ లేనివాళ్లకు ఇంటర్‌ఫెరాన్ ఇస్తే ఫలితం లేదు. ఆ వ్యాసం చదివినప్పుడే ఈ రంగంలో పనిచేయాలన్న కోరిక నాలో గట్టిపడింది. వైరస్‌ను తీసేస్తే కాన్సర్ వెనక్కి తగ్గడం కన్నా స్పష్టమైన రుజువు ఏముంటుంది?

హెపటైటిస్ బీ కథ వేరు. అది డీఎన్‌ఏ వైరస్, 3,200 అక్షరాలు మాత్రమే. దాని ముక్కలు మన క్రోమోజోముల్లో అతుక్కుంటాయి. కాలేయ కాన్సర్‌లో ఇది రూఢి అయిన విషయం. లింఫోమాలో దాని పాత్ర మీద వాదన ఇంకా నడుస్తోంది. చైనాలో ఈ వైరస్ ఎక్కువ కాబట్టి పనీ అక్కడే ఎక్కువగా జరిగింది: హెపటైటిస్ బీ ఉన్న డీఎల్‌బీసీఎల్ రోగులు వయసులో చిన్నవాళ్లని, జబ్బు ముదిరాక బయటపడుతోందని వాళ్లు చూపించారు. 2018లో వచ్చిన జన్యు అధ్యయనం ఈ గడ్డల్లో ఉత్పరివర్తనాల తీరే వేరని చెప్పింది.

ఈ పని హైదరాబాద్‌లో జరగాలని నేను పట్టుబట్టడానికి ఒక కారణముంది. దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బీ టీకా, శాంతా బయోటెక్నిక్స్ వారి షాన్‌వాక్-బీ, 1997లో ఇక్కడినుంచే వచ్చింది. లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను (దాదాపు అలాగే పనిచేసే మందును) డాక్టర్ రెడ్డీస్ 2007లో ఇక్కడినుంచే తెచ్చింది. హెపటైటిస్ సీని నయం చేసే సోఫోస్‌బువిర్ జనరిక్‌ను నాట్కో 2015లో ఇక్కడినుంచే తెచ్చింది. టీకా, రెండు మందులూ మన ఊరివే అయినప్పుడు, ఈ రెండు జబ్బులూ కలిసి వచ్చిన రోగుల కణాల్లో ఏం జరుగుతోందో కూడా మనమే చూడాలి.

జూన్, చివరి వారం

జన్యువుల జాబితా ఖాయం చేశాం. మొత్తం ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి డబ్బు లేదు, కాబట్టి క్యూపీసీఆర్ (ఎంచుకున్న జన్యువును ఒక్కో చక్రంలో రెట్టింపు చేస్తూ కొలిచే పద్ధతి; సంకేతం ఎంత ముందు చక్రంలో లేస్తే సరుకు అంత ఎక్కువ). అంటే తీసుకునే ప్రతి జన్యువుకూ కారణం ఉండాలి.

వైరస్‌కు కణం చూపే స్పందన తెలియడానికి ఐఎస్‌జీ15, ఎంఎక్స్1. రెండూ ఇంటర్‌ఫెరాన్ తగలగానే లేచే జన్యువులు. బీ కణాలను బతికించే బాఫ్ అనే సంకేతానికి టీఎన్‌ఎఫ్‌ఎస్‌ఎఫ్13బీ. హెపటైటిస్ సీ రోగుల రక్తంలో ఇది పెరుగుతుంది. కణాన్ని బతికించి పెంచే ఎన్‌ఎఫ్-కప్పా-బీ సంకేతాల దారికి బ్రేకు వేసే టీఎన్‌ఎఫ్‌ఏఐపీ3. లింఫోమా స్వభావానికి మిక్, బీసీఎల్2, బీసీఎల్6. వైరస్ తలుపు తట్టే చోటు కాబట్టి సీడీ81.

వీటితో పాటు రెండు కాపలా జన్యువులు పెట్టమని గైడ్ మేడమ్ అన్నారు. ఒకటి సీడీ3ఈ, ముక్కలో టీ కణాలు ఎంత కలిసి ఉన్నాయో చెబుతుంది. రెండోది కాలేయం తయారుచేసే అల్బుమిన్. "లింఫోమాలో అల్బుమిన్ ఎందుకు మేడమ్?" అని అడిగాను. "బ్లాకుల్లో కొన్ని కాలేయం బయాప్సీలమ్మా. కాలేయం ముక్క తగిలితే నువ్వు కొలిచేది లింఫోమా అనుకుంటావు, కాదు" అన్నారు.

జూలై

బ్లాకులు కోయడం మొదలైంది. హిస్టాలజీ గదిలో సీనియర్ టెక్నీషియన్ అన్న లేకపోతే ఈ ప్రాజెక్టు లేదు. బ్లాకును ముందు మంచు మీద పెట్టి చల్లబరుస్తారు. మైక్రోటోమ్ బ్లేడు కొత్తది వేసి, ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైములు లేకుండా పట్టకారుతో సహా అన్నీ తుడుస్తారు. మొదటి ఒకటి రెండు పొరలు పారేస్తారు, ఇన్నేళ్లూ గాలి తగిలింది వాటికే కాబట్టి. ఆ తర్వాత 10 మైక్రాన్ల మందంతో పొర లేస్తుంది, లేస్తూనే చుట్టుకుపోతుంది. ఆ చుట్టను అన్న పట్టకారుతో అంచు మీద మాత్రమే పట్టి ట్యూబులో దించుతాడు. నేను పట్టుకుంటే ముక్కలైపోయేది. "గట్టిగ పట్టకు మేడమ్, దాని కింద చెయ్యి పెట్టినట్టు పట్టు" అని చూపించాడు. ఇప్పుడు వస్తోంది.

తర్వాతి పని నాది. జైలీన్ పోసి మైనం కరిగించడం, ఆల్కహాల్‌తో కడగడం, ఆరబెట్టడం, ప్రొటీనేజ్-కే వేసి 56 డిగ్రీల దగ్గర ప్రొటీన్లను నమిలించడం, ఆ పైన 80 డిగ్రీల దగ్గర పావుగంట. ఈ చివరి వేడి ముఖ్యం: ఫార్మలిన్ ఆర్‌ఎన్‌ఏను ప్రొటీన్లకు కట్టేసిన ముడులు కొంతవరకు విడేది ఇక్కడే. ఎక్కువసేపు ఉంచితే ఆర్‌ఎన్‌ఏ ఇంకా తునకలవుతుంది.

తునకలవడం ఎలాగూ తప్పదు. ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే, తాజా కణజాలానికి వాడే ఆర్‌ఐఎన్ స్కోరు ఇక్కడ పనికిరాదు. 200 అక్షరాల కన్నా పొడుగున్న ముక్కలు ఎంత శాతమో చెప్పే డీవీ200 చూస్తున్నాం. పాత బ్లాకుల్లో అది బాగా తక్కువ. అందుకే ప్రైమర్లన్నీ (జన్యువును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 60 నుంచి 90 అక్షరాల ముక్కను మాత్రమే పెంచేలా కట్టించాం. సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేసేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ తోకను పట్టుకునే ఓలిగో-డీటీ కాకుండా ఎక్కడైనా అతుక్కునే రాండమ్ ప్రైమర్లు వాడుతున్నాం. తెగిపోయిన ఆర్‌ఎన్‌ఏకి తోక ఎక్కడుంటుంది, పట్టుకోవడానికి?

ఆగస్టు, మొదటి పక్షం

ప్లేట్లు నడుస్తున్నాయి. అన్ని కణాల్లో దాదాపు ఒకేలా పనిచేసే మూడు హౌస్‌కీపింగ్ జన్యువులు పెట్టుకుని వాటి సగటుతో పోలుస్తున్నాం. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఫార్మలిన్‌లో ఎక్కువ నానిన బ్లాకు మొత్తం లెక్కను తిప్పేస్తుంది.

ఒక సాంకేతిక విషయం, ఈ పని చేయబోయేవాళ్లకు ఉపయోగపడుతుంది. మన జన్యువులకు ప్రైమర్ కట్టేటప్పుడు రెండు ఎక్సాన్లు (జన్యువులో ఆర్‌ఎన్‌ఏలోకి చేరే భాగాలు) కలిసే చోట కూర్చోబెడితే చాలు, మిగిలిపోయిన డీఎన్‌ఏ అడ్డురాదు. హెపటైటిస్ బీ వైరస్‌కు చెందిన ఎక్స్ అనే జన్యువునూ కొలుస్తున్నాం; దానికి ఆ సౌకర్యం లేదు. అందులో అలాంటి అతుకే లేదు. వైరస్ డీఎన్‌ఏ మిగిలి ఉన్నా అదే సంకేతం, ఆర్‌ఎన్‌ఏ ఉన్నా అదే సంకేతం. కాబట్టి డీఎన్‌ఏను తినే డీఎన్‌ఏస్ వేయడంతో ఆగకుండా ప్రతి నమూనాకూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) లేని బావి ఒకటి పక్కన పెడుతున్నాం. ఒక నమూనాలో ఎంజైము ఉన్న బావి 31వ చక్రంలో లేచింది, లేని బావి 32లో. అంటే చూస్తున్నదాంట్లో దాదాపు సగం డీఎన్‌ఏనే. దాన్ని "వైరస్ జన్యువు పనిచేస్తోంది" అని రాయడానికి వీల్లేదు. పైగా గడ్డలో తిరిగే రక్తంలోంచి వచ్చిన వైరస్ కూడా అయి ఉండొచ్చు.

ఆగస్టు, రెండో పక్షం

ముందుగా అనుకున్న ఫలితం కనిపించింది. ఐఎస్‌జీ15, ఎంఎక్స్1 రెండూ హెపటైటిస్ గుంపుల్లో పైకి లేచి ఉన్నాయి. మీటింగులో గ్రాఫు చూసి అందరూ ముందుకు వంగారు.

అప్పుడు సీడీ3ఈ వరుసను పక్కన పెట్టి చూశాం. ఇంటర్‌ఫెరాన్ జన్యువులు ఎక్కువున్న నమూనాల్లో సీడీ3ఈ కూడా ఎక్కువ. అంటే గడ్డలో టీ కణాలు గుమిగూడిన చోటల్లా ఈ సంకేతం బలంగా ఉంది. అది లింఫోమా కణాల గొంతో, చుట్టూ చేరిన కణాల గొంతో ముక్కను మొత్తంగా నలిపి కొలిచే పద్ధతి చెప్పలేదు. కాలేయం బయాప్సీల్లో అల్బుమిన్ కూడా తన్నుకొచ్చింది, మేడమ్ చెప్పినట్టే. వాటిని పక్కన పెట్టి, లింఫ్ గ్రంథుల నమూనాలతో మాత్రమే లెక్క వేశాం. తేడా ఉంది కానీ బాగా తగ్గింది.

కణం పుట్టుక కూడా చూడాలి. 2000లో జన్యు వ్యక్తీకరణ చిప్పులతోనే డీఎల్‌బీసీఎల్ ఒకటి కాదు, జెర్మినల్ సెంటర్ రకం, యాక్టివేటెడ్ బీ కణ రకం అని రెండని తెలిసింది. మా దగ్గర 2004 నాటి హాన్స్ పద్ధతిలో, అంటే సీడీ10, బీసీఎల్6, ఎంయూఎం1 అద్దకాలతో, 30 శాతం గీత పెట్టి విడదీసిన రిపోర్టులున్నాయి. ఏ గుంపులో ఏ రకం ఎక్కువుందో సరిచూడకుండా బీసీఎల్2 తేడా గురించి మాట్లాడితే, వైరస్‌ను కాకుండా ఆ రకాన్నే కొలిచినట్టవుతుంది.

సెప్టెంబరు

ఈ నెలంతా పైపెట్ కన్నా ఫైళ్లే ఎక్కువ పట్టుకున్నాను. ప్రాజెక్టు అసలు ప్రశ్న ఇక్కడే మారింది.

"రెండూ లేనివాళ్లు" అన్న గుంపును దేనిమీద ఆధారపడి కట్టాం? హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ వైరస్ పైపొర ప్రొటీన్) నెగెటివ్, యాంటీ-హెచ్‌సీవీ (హెపటైటిస్ సీకి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) నెగెటివ్ అన్న రెండు గీతల మీద. పాత ఫైళ్లలో ఉన్నవి ఆ రెండే. కానీ హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ అంటే వైరస్ ఎన్నడూ సోకలేదని కాదు. సోకి తగ్గినవాళ్లలో కూడా కాలేయ కణాల కేంద్రకంలో వైరస్ గుండ్రటి డీఎన్‌ఏ మిగిలి ఉంటుంది. ఆ గతాన్ని చెప్పేది యాంటీ-హెచ్‌బీసీ పరీక్ష. ఫైళ్లలో ఆ గడే లేదు. ఇంకోవైపు యాంటీ-హెచ్‌సీవీ పాజిటివ్ అంటే ఇప్పుడు వైరస్ ఉందనీ కాదు. చికిత్స లేకుండానే దాన్ని వదిలించుకునేవాళ్లు 15 నుంచి 45 శాతం వరకు ఉంటారు, మందులతో నయమైనవాళ్లు అదనం. వైరస్ ఉందా లేదా తేలాలంటే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలి.

అంటే మా మూడు గుంపుల్లో ఏ ఒక్కటీ దాని పేరుకు తగ్గట్టు లేదు. జన్యువుల్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా, ఎవరు ఏ గుంపులో ఉండాలో తేలకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు. అందరికీ అందుబాటులో ఉన్న లింఫోమా డేటాను వాడి సరిచూద్దామని జీఈఓ అనే జన్యు డేటా భండారం తెరిచాను. వేల జన్యువుల విలువలున్నాయి, వయసు, దశ, బతికిన కాలం ఉన్నాయి. నేను చూసినవాటిలో చాలావాటికి హెపటైటిస్ వివరమే లేదు.

ఈ గడి పరిశోధనకే పనికొచ్చేదైతే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. రిటుక్సిమాబ్ సీడీ20 ఉన్న బీ కణాలన్నిటినీ తుడిచేస్తుంది, మంచివాటితో సహా. దాంతో అణిగి ఉన్న హెపటైటిస్ బీ మళ్లీ లేస్తుంది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ అయి, యాంటీ-హెచ్‌బీసీ మాత్రమే పాజిటివ్ ఉన్నవాళ్లలో కూడా లేస్తుంది. చికిత్స ముగిసిన 24 నెలల తర్వాత కూడా లేచిన కేసులున్నాయి. కాలేయం విఫలమై చనిపోయినవాళ్లున్నారు. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు సమాచార పత్రంలో నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది అందుకే. ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ ముందునుంచే ఇస్తే దీన్ని ఆపవచ్చు. లింఫోమా నుంచి బయటపడ్డ మనిషి, తనకు ఉందని ఎవరూ చూడని వైరస్ వల్ల పోవడం నేను ఒప్పుకోలేను.

అక్టోబరు

ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టి అనుమతి తీసుకున్నాం. రోగ నిర్ధారణ నాటి సీరం ఫ్రీజర్‌లో ఉన్నవాళ్లందరికీ యాంటీ-హెచ్‌బీసీ చేయించాం. రక్తం గానీ ఇమ్యునోగ్లోబులిన్ గానీ ఎక్కించిన తర్వాత తీసిన సీరాన్ని వదిలేశాం. దాతల యాంటీబాడీ రోగిదిగా కనిపిస్తుంది.

"రెండూ లేనివాళ్లు" గుంపులోంచి కొందరు పాజిటివ్ వచ్చారు. వాళ్లను నాలుగో గుంపుగా విడదీసి, అదే క్యూపీసీఆర్ విలువలను మళ్లీ లెక్కించాం. పాత గ్రాఫులో ఒక్క కుప్పగా కనిపించిన నెగెటివ్ నమూనాలు ఇప్పుడు రెండుగా ఉన్నాయి. ఇంటర్‌ఫెరాన్ జన్యువుల్లో తేడా ఇంకా పలచబడింది. టీఎన్‌ఎఫ్‌ఏఐపీ3లో మాత్రం హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ గుంపు తగ్గుదల వైపు నిలబడే ఉంది. నమూనాలు తక్కువ, దీన్ని పెద్దమాటగా చెప్పను. కానీ మేం వెంటపడబోయేది దాన్నే.

అక్టోబరు, చివరి వారం

కొత్త రోగుల నుంచి అంగీకారం తీసుకునే పని ఇప్పుడు నాదే. ఈ వారం ఒక రోగి కొడుకు ఫారం మీద సంతకం పెట్టే ముందు ఆగి అడిగాడు: "మా నాయినకు ఈ కామెర్ల వైరస్ వల్లనే గడ్డలొచ్చినయా మేడమ్?"

"ఒక్క మనిషి విషయంలో దీనివల్లే వచ్చిందని చెప్పలేం అన్నా. ఈ వైరస్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది. ఎందుకో తెలుసుకోవడానికే ఈ పరీక్షలు."

"మరి మా పిల్లలకు గిట్ల వస్తదా?"

దీనికి నా దగ్గర గట్టి జవాబుంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమన్నాను, లేనివాళ్లకు టీకా వేయించమన్నాను. చిన్న పిల్లలకు 2011 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల్లోనే హెపటైటిస్ బీ ఉంది. ఆస్పత్రిలో పుడితే మొదటి డోసు 24 గంటల్లోపే వేయాలి. ఆయన వయసువాళ్లు ఆ కార్యక్రమానికి ముందు పుట్టినవాళ్లు. 2018 నుంచి జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితమని కూడా చెప్పాను. రెండు రోజుల తర్వాత భార్యనూ తమ్ముడినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

నవంబరు

ఇప్పుడు పరిస్థితి ఇది. కొత్త కేసులన్నిటికీ ఒకే ఫారం: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ, యాంటీ-హెచ్‌సీవీ, ఈ మూడు గడులు నిండకపోతే నమూనా మా రిజిస్టరులోకి ఎక్కదు. ఏది పాజిటివ్ వచ్చినా వైరస్ డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, చికిత్స చేసే డాక్టరుకు అదే రోజు ఫోను. మొదటి రక్తం ఎక్కించకముందే సీరం ట్యూబు ఒకటి ఫ్రీజర్‌లోకి. బయాప్సీలో వీలైన చోట చిన్న ముక్కను ఫార్మలిన్‌కు ఇవ్వకుండా ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణంలో వేస్తున్నారు; సర్జన్లు ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది, ఇప్పుడు వాళ్లే గుర్తుచేస్తున్నారు.

టీఎన్‌ఎఫ్‌ఏఐపీ3 తగ్గుదల లింఫోమా కణాలదో కాదో తేల్చడానికి తాజా నమూనాల్లో సీడీ19కి అతుక్కునే పూసలతో బీ కణాలను విడదీసి, వాటిలోనే కొలవబోతున్నాం. హెపటైటిస్ సీ గుంపుకు వేరే పని ఉంది: ఈ వైరస్‌తో వచ్చే లింఫోమాల్లో యాంటీబాడీ జన్యువు ఐజీహెచ్‌వీ1-69 పదేపదే కనిపిస్తుంది కాబట్టి, మా నమూనాల్లో ఏ ఐజీహెచ్‌వీ జన్యువు ఉందో సీక్వెన్స్ చేయించాలి. అదే గడ్డల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ మిర్-26బీ కూడా చూడాలనుకుంటున్నాం. ప్లీహపు మార్జినల్ జోన్ లింఫోమాలో హెపటైటిస్ సీ ఉన్నప్పుడు అది తగ్గుతుందని 2012లో చూపించారు. పైగా అది పొట్టి ముక్క, ఫార్మలిన్ బ్లాకుల్లో కూడా చెడకుండా నిలుస్తుంది. మిర్-26బీ ప్రైమర్లకు ఆర్డరు పెట్టాం. సోమవారం నుంచి ప్లీహం బ్లాకులు కోయడానికి టెక్నీషియన్ అన్నతో సమయం మాట్లాడుకున్నాను.